పాస్‌వర్డ్ సరైనదే, పాడైంది డేటా ఫైల్

గుంటూరు,
ఏప్రిల్ 6.

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ కాకపోవడం, డేటా ఫైల్ పాడవడం, బాగుచేసిన ఫైల్‌ను మీ ప్రోగ్రాం తీసుకోకపోవడం గురించి.

అయ్యా,

మా మందుల హోల్‌సేల్ ఆఫీసులో మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏడు కంప్యూటర్ల మీద నడుస్తోంది. ఈ నెల 2న ఉదయం నుంచి ముగ్గురు యూజర్లకు "యూజర్ పేరు లేదా పాస్‌వర్డ్ తప్పు" అని వస్తోంది. మిగతా నలుగురికి ఏ ఇబ్బందీ లేదు. మీ సపోర్ట్ వాళ్లు దీన్ని పాస్‌వర్డ్ మర్చిపోయిన కేసు కింద రాసుకున్నారు. క్యాప్స్ లాక్ చూడమన్నారు, పాస్‌వర్డ్ మార్చారు, ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించారు, టికెట్ మూసేశారు. ముగ్గురికీ లాగిన్ కాలేదు. పైగా 3న మధ్యాహ్నం మీ ఇంజనీరు రిమోట్‌లో కూర్చుని చేసిన పని తర్వాత ఏడింట్లో ఒక్కదాంట్లోనూ తెరుచుకోలేదు. వచ్చిన మాట "అన్‌రికగ్నైజ్డ్ డేటాబేస్ ఫార్మాట్", ఎర్రర్ నంబరు 3343.

పాస్‌వర్డ్‌తో దీనికి సంబంధం లేదని చూపించడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. 2న రాత్రి అందరూ బయటికి వచ్చాక డేటా ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టాం. దాన్ని మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో తెరిచి యూజర్ల టేబుల్ చూస్తే ఏడు పేర్లూ ఉన్నాయి, మీవాళ్లు మార్చిన కొత్త పాస్‌వర్డ్‌లతో సహా. అదే టేబుల్‌లో, లాగిన్ కాని ముగ్గురిలో ఒకరైన గోడౌన్ యూజర్ పేరు ఇచ్చి క్వెరీ (వెతుకులాట ఆదేశం) వేస్తే ఒక్క వరస కూడా రాదు. క్వెరీలో పేరు కాలమ్‌కి చివర ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని మాట) ఒకటి తగిలించి వెతికితే వరస వస్తుంది! ఎందుకంటే అలా తగిలించినప్పుడు డేటాబేస్ ఇంజన్ ఇండెక్సును (పుస్తకం చివరి సూచికలాంటి జాబితాను) పక్కన పెట్టి టేబుల్ మొత్తం చదువుతుంది. వరస ఉంది, ఇండెక్సులో దాని జాడ లేదు. మీ లాగిన్ స్క్రీన్ ఇండెక్సు ద్వారానే వెతుకుతుంది కాబట్టి మనిషి దొరకడం లేదు. మనిషి దొరకని దానికీ, పాస్‌వర్డ్ కలవని దానికీ మీ ప్రోగ్రాం ఒకే మాట చెబుతుంది. బయటివాళ్లకు గుట్టు తెలియకుండా అలా చెప్పడం సరే, లోపల లాగ్‌లోనైనా తేడా రాయాలి కదా. (అన్నట్టు, ఆ పాస్‌వర్డ్‌లన్నీ టేబుల్‌లో మామూలు అక్షరాల్లోనే కనిపించాయి. దాని గురించి విడిగా రాస్తాం.)

ఇక 3న జరిగింది. మీ ఇంజనీరు డేటా ఫోల్డర్‌లోని .ఎల్‌డీబీ లాక్ ఫైల్‌ను (డేటా ఫైల్‌ను ఎవరు తెరిచారో రాసుకునే చిన్న ఫైల్‌ను) నోట్‌ప్యాడ్‌లో తెరిచారు. 448 బైట్లు, ఏడు పేర్లు. "ఏడుగురూ లోపల ఇరుక్కుపోయారు" అని తేల్చారు. ఆ ఫైల్‌లో ఒక్కో యూజర్‌కి 64 బైట్లు: కంప్యూటర్ పేరుకు 32, యూజర్ పేరుకు 32. మనిషి బయటికి వెళ్లినా పేరు చెరగదు, ఆ చోటులోకి ఇంకొకరు వచ్చేదాకా అలాగే ఉంటుంది. కాబట్టి ఆ పేర్లను బట్టి ఎవరు లోపల ఉన్నారో చెప్పలేం. ఆ సమయానికి నిజంగా లోపల ఉన్నవి కౌంటర్ కంప్యూటర్లు రెండే, రెండింట్లోనూ బిల్లు సగంలో ఉంది. లాక్ ఫైల్ డిలీట్ చేయబోతే విండోస్ ఒప్పుకోలేదు. అది ఒప్పుకోకపోవడమే హెచ్చరిక. ఆయన ఆగకుండా కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్, అందులో ఓపెన్ ఫైల్స్‌కి వెళ్లి అన్నిటినీ బలవంతంగా క్లోజ్ చేశారు, లాక్ ఫైల్ తీసేశారు. కాపీ తీయకుండానే అసలు ఫైల్ మీద మీ "రిపేర్" బటన్ నొక్కారు. అప్పటిదాకా దెబ్బతిన్న ఫైల్ అంతటితో తెరుచుకోని ఫైల్ అయింది.

ఇది విండోస్ అప్‌డేట్ వల్లేనని మీ మెయిల్‌లో ఉంది. విండోస్ 10, 1803 వెర్షన్ రోజుల్లో షేర్డ్ ఫోల్డర్‌లోని యాక్సెస్ ఫైళ్లు ఇలా పాడైన మాట నిజమే. ఫైల్ ఉన్న కంప్యూటర్‌లో విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో, లాన్‌మ్యాన్‌సర్వర్ పారామీటర్స్ కింద డిజేబుల్‌లీజింగ్ (షేర్డ్ ఫైల్ భాగాలను ఒక్కో కంప్యూటర్ తన దగ్గర దాచుకోవడాన్ని ఆపే సెట్టింగ్) విలువ 1 పెట్టి సర్వర్ సర్వీస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టమని మైక్రోసాఫ్టే చెప్పింది. కారణం అదే అని మీ నమ్మకమైతే ఆ సెట్టింగ్ ఉందో లేదో మీవాళ్లు చూడాలి. ఎవరూ చూడలేదు. మేం చూశాం, 1 అనే ఉంది.

మాకు కనిపిస్తున్న కారణం వేరు. మీ ప్రోగ్రాం వాడే జెట్ ఇంజన్‌లో (యాక్సెస్ ఫైళ్లను చదివి రాసే భాగంలో) సర్వర్ అంటూ ఏదీ ఉండదు. ఫైల్ ఒకచోట ఉంటుంది, ఏడు కంప్యూటర్లూ నెట్‌వర్క్ మీదుగా నేరుగా దాని పేజీలను (ఫైల్‌లోని చిన్న ముక్కలను) చదివి, వాటి మీదే రాస్తాయి. ఒక్కో పేజీ 4 కేబీ. రాస్తుండగా లైన్ తెగితే పేజీ సగం పాతది, సగం కొత్తది అవుతుంది, సర్దడానికి అవతల ఎవరూ ఉండరు. మా గోడౌన్ కంప్యూటర్ వైఫై మీద ఉంది. అది మా వైపు పొరపాటే, ఇప్పుడు కేబుల్ వేయించాం. కానీ ఇన్‌స్టలేషన్ రోజున మీవాళ్లు ఇచ్చిన కాగితంలో "వైఫై అయినా సరిపోతుంది" అని రాసి ఉంది. దాని ఫోటో జతచేశాం.

2వ తేదీ కాపీ మీద మేం చేసింది ఇదీ. ముందు దానికి ఇంకో కాపీ తీసి, మొదటిదాన్ని రీడ్ ఓన్లీ చేశాం. రెండోదాని మీద యాక్సెస్‌లోని కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైల్‌ను కుదించి బాగుచేసే పని) నడిపితే 1.6 జీబీ ఫైల్ 610 ఎంబీకి దిగింది. ఈ రకం ఫైల్‌కు 2 జీబీ దాటి చోటు లేదు. తాత్కాలిక టేబుళ్లను కూడా అసలు ఫైల్‌లోనే పెట్టి చెరిపేయడం వల్ల ఆ ఉబ్బు. కాంపాక్ట్ "పూర్తయింది" అంది, కానీ ఎంసిస్‌కాంపాక్ట్‌ఎర్రర్ అనే టేబుల్ కొత్తగా పుట్టింది. అది ఉందంటే రిపేర్‌లో ఏదో పోయినట్టే. అందులో యూజర్ల టేబుల్, బ్యాచ్ టేబుల్ పేర్లున్నాయి. మీ రిపేర్ బటన్ ఆ టేబుల్‌ను చూడదు, పచ్చ టిక్కు మాత్రం పెడుతుంది.

అందుకని కొత్త ఖాళీ ఫైల్ తెరిచి టేబుళ్లను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేశాం. బ్యాచ్ టేబుల్ మధ్యలో ఆగిపోయింది. 48,312 వరసలను ఐడీ ప్రకారం సగాలు చేసుకుంటూ, వరసలను చేర్చే అపెండ్ క్వెరీలతో పంపితే చివరికి 11 వరసలు మిగిలాయి. పదకొండూ పక్కపక్కవే. ఒక్కో వరస దాదాపు 350 బైట్లు, అంటే సరిగ్గా ఒక పేజీకి పట్టేంత. పోయింది ఒక్క పేజీ! తెరిచి చూస్తే కొన్ని గడుల్లో "డిలీటెడ్" అని, రిమార్క్స్ గడిలో చైనా లిపిలాంటి అక్షరాలు. ఆ 11 బ్యాచ్‌లను కొనుగోలు బిల్లుల కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం, ఎక్స్‌పైరీ తేదీలతో సహా. ప్రైమరీ కీలు, ఇండెక్సులు, రిలేషన్లు తిరిగి పెట్టాం. యాక్సెస్‌లో చూస్తే ఏడుగురు యూజర్లూ ఇండెక్సు ద్వారానే దొరుకుతున్నారు, స్టాకు లెక్క సరిపోయింది.

ఈ ఫైల్‌ను మీ ప్రోగ్రాం తెరవడం లేదు. "ఈ డేటా ఈ లైసెన్సుకు చెందినది కాదు" అంటోంది. లైసెన్స్ ముద్రను ఫైల్ ప్రాపర్టీలో దాచారు, టేబుళ్లు ఇంపోర్ట్ చేస్తే అది వెంట రాదు. మా లెక్కలు మా చేతిలో బాగానే ఉన్నా బిల్లు కొట్టలేని స్థితి.

మీ ఆటో బ్యాకప్ సంగతి కూడా చెప్పాలి. రాత్రి 9కి గోడౌన్ కంప్యూటర్ ఇంకా లోపల ఉండగానే అది ఫైల్‌ను కాపీ చేస్తుంది, రోజూ ఒకే పేరు మీద. పాడైన ఫైల్ 2వ తేదీ రాత్రే బాగున్న బ్యాకప్ మీద కూర్చుంది. మీవాళ్లు "బ్యాకప్ రీస్టోర్ చేసుకోండి" అన్నప్పుడు చేతికి వచ్చింది అదే జబ్బు ఫైల్.

మార్చి నెల జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) వేయడానికి గడువు ఏప్రిల్ 11. కాబట్టి 8వ తేదీలోపు మా కొత్త ఫైల్‌కు లైసెన్స్ ముద్ర వేసి ఇవ్వండి. దానికి మా ఫైల్ మీ ఆఫీసుకు పంపనక్కర్లేదు, మా ఎదురుగా రిమోట్‌లో చేస్తే చాలు. ఇకమీదట కాపీ తీయకుండా ఎవరూ అసలు ఫైల్ ముట్టుకోరని, ఓపెన్ ఫైల్స్‌ను బలవంతంగా మూయరని రాతపూర్వకంగా కావాలి. లాక్ ఫైల్ దానంతట అది పోయిన తర్వాతే, అంటే అందరూ బయటికి వచ్చాకే, బ్యాకప్ మొదలవ్వాలి, దాని పేరులో తేదీ ఉండాలి, కనీసం ఏడు రోజులవి మిగలాలి, తీసిన కాపీ తెరుచుకుంటుందో లేదో అదే చూసుకోవాలి. ఇవేవీ పెద్ద పనులు కావు.

ఏడు కంప్యూటర్ల ఆఫీసుకు షేర్డ్ ఫోల్డర్‌లో ఒక ఎండీబీ (యాక్సెస్ డేటా) ఫైల్ పెట్టి అమ్మడం సరికాదని మా అభిప్రాయం. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ ఉన్న డేటాబేస్‌లు డబ్బు కట్టకుండానే దొరుకుతున్నాయి. మీ దగ్గర అలాంటి ఎడిషన్ ఉంటే మార్చడానికి ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి, లేదంటే లేదని చెప్పండి. ఆ జవాబు వచ్చేదాకా ఈ ఏడాది ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బు కట్టడం లేదు.

3న పాడైన అసలు ఫైల్, 2వ తేదీ కాపీ, కొత్తగా కట్టిన ఫైల్, మూడూ విడివిడి ఫోల్డర్లలో ఉన్నాయి. మొదటి రెండూ రీడ్ ఓన్లీ. మీ ఇంజనీరు కనెక్ట్ అయినప్పుడు మూడోదాని కాపీ మీద మాత్రమే పని చేయాలి. ఉదయం 10 లోపు అయితే కౌంటర్లు ఖాళీగా ఉంటాయి.

ఇట్లు,
లెక్కల విభాగం

జతచేసినవి: 3343 ఎర్రర్ స్క్రీన్ ఫోటో, ఎంసిస్‌కాంపాక్ట్‌ఎర్రర్ టేబుల్ ప్రింటు, 11 బ్యాచ్‌ల జాబితా, ఇన్‌స్టలేషన్ కాగితం ఫోటో.