పోప్ హౌస్ ప్రసంగానికి సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అబ్బాయి బెంగళూరు బిషప్ కాటన్ బాయ్స్ స్కూల్లో పోప్ హౌస్‌లో (స్కూలు పిల్లల్ని విడదీసే జట్లలో ఒకటి) ఉన్నాడు. ఆ పేరు ఎవరిదో తోటి పిల్లలకు చెప్పే పని వాడి మీద పడింది. ఇంట్లో అందరం టెన్షన్ పడ్డాం. సాయం అడిగితే ఇంతమంది కదిలొస్తారని అనుకోలేదు.

ముందుగా మా పై అంతస్తు తమిళ మాస్టారికి. జి.యు. పోప్ 1886లో తమిళ నీతి పద్యాలైన తిరుక్కురళ్‌నీ, 1900లో ఎనభై ఏళ్ల వయసులో శివుడి మీద తమిళ భక్తి గీతాలైన తిరువాచకాన్నీ ఇంగ్లిష్‌లోకి తెచ్చారని ఎక్కడైనా దొరుకుతుంది. కానీ శివభక్తుడి పాటల మీద ఒక ఆంగ్లికన్ పాదిరి ఎందుకంత మనసు పెట్టారో, మీరు వాటిని పాడి వినిపించాకే మావాడికి తెలిసొచ్చింది. సాయంత్రాలు మీ పనులు మానుకుని కూర్చున్నారు. మీ రుణం తీర్చుకోలేం సార్.

ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న మా కడప తమ్ముడికి: పోప్ అక్కడి యూనివర్సిటీలో తమిళంతో పాటు తెలుగు కూడా బోధించారని చెప్పింది నువ్వే. ఇది విన్నాక మా నాన్నగారు ఆ కబురు ఎంతమందికి ఫోన్ చేసి చెప్పారో! సెయింట్ సెపల్కర్స్ శ్మశానానికి వెళ్లి ఆయన సమాధి ఫొటో కూడా పంపావు. పిల్లలందరూ అన్నిటికన్నా దాన్నే ఎక్కువసేపు చూశారు.

పాత కాటోనియన్ (ఆ స్కూలు పూర్వ విద్యార్థి) అన్నకు: 1865లో పెట్టిగ్రూ అనే పాదిరి మొదలుపెట్టిన స్కూలు, 1871లో పోప్ రాక, కుడికీ ఎడమకీ తొలగవద్దనే స్కూలు ధ్యేయవాక్యం, అన్నీ ఓపిగ్గా వివరించారు. పోప్ చాలా కఠినుడని పేరుందని, అది దాచకుండా చెప్పమని సలహా ఇచ్చిందీ మీరే. మంచి సలహా. పిల్లలకు పటం కట్టిన దేవుడికంటే మనిషే బాగా అర్థమవుతాడు.

హౌస్ అంటే పాయింట్లు, స్పోర్ట్స్ డే అనే అనుకునేదాన్ని. పంతొమ్మిదేళ్లకు మద్రాసులో దిగి, చుట్టూ ఉన్నవాళ్ల భాషను వాళ్లకు దీటుగా నేర్చుకున్న మనిషి పేరది. కన్నడ, తమిళం, తెలుగు, ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే చోట అంతకన్నా తగిన పేరు ఏముంటుంది?

ప్రసంగం పాఠం తెలుగులోనూ రాసిపెట్టాం. మీ పిల్లలు ఆ హౌస్‌లో ఉంటే అడగండి, ఫొటోలతో సహా పంపిస్తాను.