బంకు పోయింది, కింద ట్యాంకుల మాటేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీకాకుళంలో మా వీధి మొదట్లో ఒక పాత పెట్రోల్ బంకు ఉండేది. బేరం తగ్గి ఏడేళ్ళ కిందట ఎత్తేశారు. పంపులు పీకేశారు, షెడ్డు విప్పేశారు. భూమిలో ఉన్న ట్యాంకులు తీశారో, మట్టి కప్పి వదిలేశారో వీధిలో ఎవరికీ తెలీదు. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ కడతామని బోర్డు పెట్టారు.

ఆ స్థలానికి నలభై గజాల దూరంలో మా పెరటి నుయ్యి. గట్టి వానలు పడి నీళ్ళు పైకొచ్చాయంటే చాలు, చేద తీయగానే కిరసనాయిలు వాసన కొడుతోంది. ఎండ పడితే నీటి మీద రంగులు తేలుతున్నాయి. మోటారు నుంచి ఆయిల్ కారుతోందేమో అన్నారు పక్కింటివారు. మోటారు బయటికి తీయించాం, నీళ్ళు తోడించి పూడిక కూడా తీయించాం. మళ్ళీ వాన, మళ్ళీ అదే వాసన. మా ఆవిడ ఆ నీళ్ళతో గిన్నెలు కూడా తోమనివ్వడం లేదు. ఒక ఆఫీసులో చెప్పుకుంటే ‘కుళాయి ఉంది కదండీ, నూతి నీళ్ళెందుకు?’ అన్నారు. కుళాయి లేని ఇళ్ళ సంగతి అలా ఉంచండి, రేపు ఆ అపార్ట్‌మెంట్‌వాళ్ళు వేసే బోరులో వచ్చేది ఏ నీళ్ళు?

బంకులో రోజూ ట్యాంకులోకి డిప్ రాడ్ (కొలత గీతలున్న కడ్డీ) దించి ఇంధనం ఎంత ఉందో కొలుస్తారు కాబట్టి లీకైతే తెలిసిపోతుంది అనేవారున్నారు. నేను లెక్క వేసి చూశాను. సెకనుకు ఒక్క చుక్క కారితే రోజుకు 4 లీటర్లు. 20 వేల లీటర్ల ట్యాంకులో ఆ 4 లీటర్ల తేడా రాడ్ మీద ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఆవిరైపోయింది అనుకుని ఊరుకుంటారు. ఏడాదికి అదే 1,500 లీటర్లు.

పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది క్యాన్సర్ కారకం. మన దేశంలో ఇప్పుడు పెట్రోలులో 1 శాతం దాకా ఉండవచ్చు. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీన్, లెక్క ప్రకారం, 8 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. మరగబెట్టి తాగొచ్చు కదా అంటే, ఆ ఆవిరి వంటింట్లోకే వస్తుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి దాకా అమ్మారు. కాబట్టి అంతకు ముందునుంచీ నడిచిన బంకు మట్టిలో సీసం కూడా చూడాలి.

ఇది మా ఒక్క వీధి గొడవ అనుకోకండి. 2013లో చెన్నై తొండయార్‌పేటలో భూమిలోని పైపులైను కారి, ఇళ్ళ బోర్లలో నీటితోపాటు ఇంధనం వచ్చింది. అక్కడ పైపు, ఇక్కడ ట్యాంకు.

పరీక్ష అంటే నూతిలోంచి ఒక సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళడం కాదు. ముందు పాత ప్లాన్ తీసి ట్యాంకులు, పైపులు, లారీ నుంచి నింపే మూత ఎక్కడుండేవో గుర్తించాలి. నింపేచోట, పైపుల అతుకుల దగ్గరే ఎక్కువగా కారుతుంది. ట్యాంకు అడుగుకంటే లోతుకు రంధ్రాలు వేసి మట్టి తీయాలి. తీసిన మట్టిని వెంటనే గాజు సీసాలో గాలి చొరకుండా బిగించి ఐసులో పెట్టాలి. పాలిథిన్ సంచిలో వేసి ఎండలో తీసుకెళితే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది, రిపోర్టులో ‘ఏమీ లేదు’ అని వస్తుంది. ఈ ‘ఏమీ లేదు’ అంటేనే నాకు భయం. భూమిలో నీరు ఏ వైపు పోతోందో తెలియాలన్నా కనీసం మూడు బోర్లు కావాలి. మా వీధి వాలు నాగావళి వైపు. ఇక ట్యాంకు ఇంకా అక్కడే ఉంటే, లోపలి ఆవిరి పూర్తిగా పోగొట్టకుండా గ్యాస్ కట్టర్ పెట్టడమంటే బాంబుకు నిప్పు పెట్టడమే.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళు వెతికినా ఇదీ కారణం అని తేల్చలేకపోయారు. మా దగ్గర అంత వెతుకులాట అక్కర్లేదు, ఎక్కడ తవ్వాలో మా వీధి పిల్లాడైనా చూపిస్తాడు.

కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జులైలో కొత్త నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి, 90 రోజుల్లో తొలి పరిశీలన జరగాలి. శుద్ధి ఖర్చు పాడుచేసినవారిదే. కలెక్టర్ గారు జిల్లాలో మూతపడిన బంకు స్థలాలన్నిటినీ ఈ జాబితాలోకి తేవాలి. మా వీధి స్థలంలో వచ్చే నెల పునాదులు తవ్వుతారట. మట్టి పరీక్ష అయ్యేదాకా ఆ తవ్వకం ఆపించాలి, వచ్చిన రిపోర్టు తెలుగులో అదే బోర్డు పక్కన అంటించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, శ్రీకాకుళం