తలుపున్న గది

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. నేరారోపణ ఎదుర్కొనే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో సభ్యుడివయ్యావని చదవగానే ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. మా ఆవిడ నీకు అభినందనలు చెప్పమంది. మేజిస్ట్రేటు పక్కన కూర్చునే ఇద్దరు సామాజిక కార్యకర్తల్లో నీలాంటివాడు ఒకడు ఉండటం ఆ పిల్లల అదృష్టం. "మనసుల సంగతి నాకేం తెలుసు, ఏం చూడాలో నువ్వే చెప్పు" అన్నావు కదా, చెబుతాను. కాస్త ఓపికగా చదువు.

ముందు ఒక కుర్రవాడి సంగతి. పదహారేళ్లు, దొంగతనం కేసు. విచారణ సాగే పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోముకు నేను కౌన్సెలింగ్ చేయడానికి వెళ్లేసరికి అందరిదీ ఒకటే మాట: "పొగరు సార్, అడిగినదానికి జవాబు చెప్పడు." ఎదురుగా కూర్చున్నాడు గాని తల ఎత్తలేదు. చొక్కా అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. వేలి కొస తెల్లగా పాలిపోయింది. అంతలో వరండాలో ఎవరో తాళాల గుత్తి కదిపారు. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. నేను కేసు ఊసెత్తలేదు. "రాత్రి ఎప్పుడు నిద్రపట్టింది?" అని అడిగాను. చాలాసేపటికి "పట్టలేదు" అన్నాడు. హోముకు వచ్చి అప్పటికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు.

తర్వాత మెల్లగా తెలిసింది. రెండేళ్లుగా మత్తు కోసం వైట్నర్, అదే రాత తప్పులు దిద్దే తెల్ల ద్రవం, పీలుస్తున్నాడు, లోపలికి రాగానే అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఇంట్లో తండ్రి తాగి వచ్చి తాళం తీసిన చప్పుడు వినిపిస్తే దెబ్బలు మొదలైనట్టే. రాఘవా, మనం పొగరు అనుకున్నది భయం. ఈ వయసులో కుంగుబాటు కూడా కన్నీళ్లుగా కంటే చిరాకుగా, కోపంగా బయటపడటమే ఎక్కువ చూశాను. తల వంచుకుని మాట్లాడకపోతే "పశ్చాత్తాపం లేదు" అని ఎప్పుడూ రాయవద్దు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. షికాగోలోని నిర్బంధ కేంద్రంలో 1995 నుంచి 1998 దాకా 1,829 మంది పిల్లలను పరీక్షించారు. మగపిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి, ఆడపిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. "ప్రవర్తన బాగాలేదు" అనే ముద్రను పక్కన పెట్టి లెక్కించినా సగానికి మించే ఉన్నారు.

అందుకే పిల్లవాడు వచ్చిన తొలి రోజే నాలుగు మాటలు అడిగించు. నిద్ర, తిండి, మత్తు అలవాటు, చచ్చిపోవాలనే ఆలోచన. ఈ చివరిది అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు, అడిగితే పిల్లవాడికి బరువు దిగుతుంది. అమెరికాలో ఇందుకోసం 52 ప్రశ్నల పత్రమే ఉంది, పావుగంటలో అయిపోతుంది. అవును, కాదు అంటే చాలు. అది జబ్బును నిర్ధారించదు, ఎవరిని వెంటనే డాక్టరుకు చూపించాలో చెబుతుంది.

పిల్లవాడి ఇల్లు, బడి, పరిస్థితులు విచారించి ప్రొబేషన్ ఆఫీసరు 15 రోజుల్లో ఇచ్చే సామాజిక దర్యాప్తు నివేదికను శ్రద్ధగా చదువు. "చెడు సావాసం" అని ఒక్క ముక్కతో సరిపెడితే వెనక్కి పంపు. బడి ఎందుకు మానాడు, తలకు దెబ్బ తగిలిందా, ఫిట్స్ ఉన్నాయా, ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా, ఇవి కావాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యమైనది. పదహారు నిండిన పిల్లల మీద ఘోర నేరారోపణ ఉంటే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 15వ సెక్షను కింద మీరు ప్రాథమిక మదింపు చేయాలి, అంటే ఆ నేరం చేసే శక్తి, దాని పర్యవసానం తెలిసే మనసు అతనికి ఉన్నాయా అని చూడాలి. ఆ పిల్లవాడిని పెద్దవాడిలా విచారించాలా అన్నది దానిమీదే ఆధారపడుతుంది. బోర్డులో పిల్లల మనస్తత్వ శాస్త్రం గాని మానసిక వైద్యం గాని చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని సుప్రీంకోర్టు 2022 జూలైలో చెప్పింది. మొహమాటపడకుండా అడుగు. అయితే మదింపు చేసే మనిషి, చికిత్స చేసే మనిషి ఒక్కరే కాకూడదు. నన్ను నమ్మి చెప్పుకున్న మాట రేపు బోర్డు కాగితం మీద కనిపిస్తే ఆ పిల్లవాడు మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పడు. ఏది బోర్డుకు వెళుతుందో, ఏది వెళ్లదో మొదట్లోనే అతనికి చెప్పాలి.

బెయిలు వచ్చినవాడి మందులు గేటు దగ్గరే ఆగిపోతుంటాయి. ఇంటికి వెళ్లాక ఎవరు చూస్తారో ఆ ఆర్డరుతో పాటే తేల్చండి. కనీసం మానసిక సమస్యలకు ఫోన్లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 తల్లి చేతిలో రాసి పెట్టించు. తెలుగులోనే మాట్లాడతారు.

మా కుర్రవాడు ఇప్పుడు రాత్రి పదింటికల్లా నిద్రపోతున్నాడు. మొన్న నాతో క్యారమ్స్ ఆడి గెలిచాడు కూడా.

నువ్వు మొదటిసారి మీ హోముకు వెళ్లినప్పుడు కౌన్సెలింగ్ చేసే గది చూపించమను. దానికి తలుపు ఉందా, ఆ తలుపు వేస్తారా, వేశాక కాపలా మనిషి ఎక్కడ నిలబడతాడు, ఈ మూడూ చూసి నాకు రాయి.

నీ
శ్రీనివాసు