ఫిల్ కాలిన్స్ జెనెసిస్ స్థాపకుడు కాదు, నాలుగో డ్రమ్మర్

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో జెనెసిస్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ మీద వ్యాసం వచ్చి పదిహేను రోజులైంది. ఆ రోజే రాయాల్సింది. కానీ ముందు మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. సవరణ వేస్తామన్నారు. రెండు ఆదివారాలు పేజీలన్నీ వెతికాను, ఎక్కడా లేదు.

జెనెసిస్‌ని ఫిల్ కాలిన్స్ స్థాపించాడని మొదటి వాక్యంలోనే రాశారు. అది తప్పు. ఆయన చేరింది 1970 ఆగస్టులో. అప్పటికి బ్యాండ్ పుట్టి మూడేళ్లు. ముగ్గురు డ్రమ్మర్లు వచ్చి వెళ్లిపోయారు: క్రిస్ స్టీవర్ట్, జాన్ సిల్వర్, జాన్ మేహ్యూ. కాలిన్స్ నాలుగోవాడు.

అసలు సంగతి ఇంగ్లండ్‌లో, సర్రేలోని చార్టర్‌హౌస్ అనే బోర్డింగ్ స్కూల్లో మొదలైంది. అక్కడ పిల్లలవి రెండు బ్యాండ్లు ఉండేవి. ఒకదాంట్లో టోనీ బ్యాంక్స్, పీటర్ గేబ్రియల్, స్టీవర్ట్. ఇంకోదాంట్లో ఆంటొనీ ఫిలిప్స్, మైక్ రూథర్‌ఫర్డ్. అవి ఆగిపోయాక 1967లో ఈ ఐదుగురూ కలిశారు. ఫిలిప్స్‌కి అప్పుడు పదిహేనేళ్లు! అదే స్కూల్లో చదివి గాయకుడిగా పేరు తెచ్చుకున్న జొనాథన్ కింగ్ వాళ్ల టేపు విని, బ్యాండ్‌కి ఆ పేరు పెట్టి, డెక్కా కంపెనీలో రికార్డు చేయించాడు. 1969లో మొదటి ఆల్బం 'ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్' వచ్చింది. బైబిల్ పేరులా ఉందని కొన్ని షాపుల్లో దాన్ని మతగీతాల అరలో పెట్టేశారు. అమ్ముడుపోయినవి కొన్ని వందలే.

మీ వ్యాసంలో ఫిలిప్స్ పేరు ఒక్కసారి కూడా లేదు. నా బాధంతా అదే. తొలి రోజుల్లో ఆ బ్యాండ్‌కి గిటార్ అంటే ఆయనే, పాటలల్లడంలోనూ ముందుండేవాడు. స్టేజీ ఎక్కాలంటే మాత్రం విపరీతమైన టెన్షన్. దానికి తోడు ఒంట్లో బాగోలేక, డాక్టర్ సలహా మీద 1970 జులైలో తప్పుకున్నాడు. బ్యాండ్ మూతపడే దాకా వెళ్లింది ఆ ఒక్కసారేనని మిగతావాళ్లే తర్వాత చెప్పారు. ప్రధాన గాయకుడు గేబ్రియల్ తర్వాత వెళ్లినప్పుడు కూడా అంత కుంగిపోలేదు. 1971లో వచ్చిన 'ది మ్యూజికల్ బాక్స్' పాటకి మూలం ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్ కలిసి కట్టిన గిటార్ ముక్క. ఆ పాట రికార్డయ్యేసరికి ఫిలిప్స్ లేడు, ఆల్బం మీద పేరూ లేదు. 2010లో అమెరికాలో గొప్ప రాక్ కళాకారుల్ని గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈ బ్యాండ్ నుంచి చేర్చుకున్న ఐదుగురిలోనూ ఆయన లేడు. ఇప్పుడు మీరు కూడా వదిలేశారు.

కాలిన్స్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన ఎంపికైన తీరు రాసినా మీ పాఠకులు సంతోషించేవారు. ఆడిషన్ గేబ్రియల్ అమ్మానాన్నల ఇంట్లో. కాలిన్స్ ముందే చేరుకుంటే, వంతు వచ్చేదాకా వాళ్ల ఈతకొలనులో ఈత కొట్టమన్నారు. ఆయన నీళ్లలో ఉండే, లోపల మిగతా డ్రమ్మర్లు ఏం వాయిస్తున్నారో చెవి ఒగ్గి విన్నాడు. తన పేరు పిలిచేసరికి ముక్కలన్నీ కంఠతా వచ్చేశాయి. ఆయనతో వెళ్లిన గిటారిస్టు రానీ కారిల్‌ని మాత్రం తీసుకోలేదు. మధ్యలో మిక్ బర్నార్డ్ కొన్ని నెలలు గిటార్ వాయించాడు. 1971 జనవరిలో గిటారిస్టు స్టీవ్ హాకెట్ వచ్చాక గానీ జట్టు కుదురుకోలేదు. గేబ్రియల్, బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, కాలిన్స్, హాకెట్ ఉన్న ఆ జట్టు ఫోటో వేసి, కింద తొలి సభ్యులని రాశారు. అందులో తొలి సభ్యులు మొదటి ముగ్గురే. కాలిన్స్ ప్రధాన గాయకుడైంది 1975లో గేబ్రియల్ వెళ్లిపోయాకే, అదీ ఎంతోమంది గాయకుల్ని పరీక్షించి, ఎవరూ కుదరక.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవెందుకు అని ఫోన్‌లో మీ ఆఫీసు అబ్బాయి ఒకరు అడిగారు. నేను విజయవాడలో పెళ్లిళ్లకీ, గణపతి నవరాత్రులకీ ఆర్కెస్ట్రాలో ఇరవై రెండేళ్లు కీబోర్డు వాయించాను. మా జట్టులో తబలా, ఢోలక్ వాయించే అన్న ఒకాయన ఉండేవాడు. మా ప్రోగ్రాం మొదలయ్యే ఐదు నిమిషాల ముక్క ఆయన కట్టిందే. ఆరోగ్యం పాడై మానేశాక, ఓనరు బ్యానర్ మీద ఆయన పేరుకి తెల్ల కాగితం అంటించి, పైన కొత్త కుర్రాడి పేరు రాయించాడు. వానకి కాగితం తడిస్తే కింద పేరు కనబడేది. ఆ ముక్క మాత్రం మేం పదేళ్లు వాయించాం. అందుకే ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అనేది నాకు చిన్న విషయం కాదు.

ప్రభుత్వ ఉత్సవాల పోస్టర్లూ అంతే. మంత్రిగారి ఫోటో, ఎమ్మెల్యేగారి ఫోటో, కలెక్టర్‌గారి పేరు, చివర గాయకుల పేర్లు. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది ఉండదు. అధికారుల్ని అడిగితే చోటు చాల్లేదంటారు. అంత పెద్ద ఫ్లెక్సీలో నాలుగు పేర్లకి చోటు లేదా? పోనీ ఇలాంటి పేర్లు పుస్తకాల్లో చూద్దామా అంటే, ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ కడుతున్నాం. మా పేటలోని గ్రంథాలయంలో సంగీతం మీద కొత్త పుస్తకం చూసి ఎన్నేళ్లయిందో. ఒకప్పుడు ఇలాంటి పేర్లూ తేదీలూ మీ పత్రికలో చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. అప్పట్లో తప్పు పడితే మర్నాడే సవరణ వచ్చేది.

వచ్చే ఆదివారం అదే అనుబంధంలో, అదే పేజీలో, కనబడే అక్షరాల్లో సవరణ వేయండి. ఫోటో కింద రాసింది కూడా మార్చండి. సవరణలో ఆంటొనీ ఫిలిప్స్ పేరు, ముగ్గురు డ్రమ్మర్ల పేర్లు తప్పకుండా ఉండాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ