మీ సబ్‌టైటిల్సే హంతకుణ్ణి పట్టించాయి

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: సినిమాల్లోని మలుపులు మీ యాప్‌లో ముందే బయటపడటం గురించి ఫిర్యాదు

ఆర్యా,

మొన్న మీ యాప్‌లో ఒక సస్పెన్స్ సినిమా పెట్టుకున్నాను. పావుగంట తిరక్కుండానే హంతకుడెవరో తెలిసిపోయింది. చెప్పింది మీ సబ్‌టైటిల్. హీరోయిన్‌కి రాత్రిపూట ఫోన్ వస్తుంది. అవతలివాడు గొంతు మార్చి బెదిరిస్తాడు. ఆ గొంతు ఎవరిదన్నదే కథంతా. మీరు మాత్రం కింద బ్రాకెట్లో 'డాక్టర్' అని వేసి మరీ డైలాగు చూపించారు.

మలుపు తెలిసిపోయినా సినిమా బాగుంటే కూర్చుని చూస్తాను. నా బాధంతా ఆ మలుపు కోసం దర్శకుడు ముందునుంచీ వేసుకొచ్చిన క్లూల గురించి. ఫోన్ వచ్చిన మర్నాడు ఆ డాక్టరు నాడి చూస్తూ "రాత్రి నిద్ర పట్టలేదు కదమ్మా" అంటాడు. మామూలుగా ఏ డాక్టరైనా అనే మాటే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చివర్లో నిజం తెలిశాక ఆ మాట గుర్తొస్తే ఒళ్లు జలదరించాలి. క్లూ కళ్ల ముందే ఉండాలి, అనుమానం మాత్రం రాకూడదు. ముందే పేరు చదివేసిన నాకు ఆ సీన్లో ఆవులింత వచ్చింది.

1999లో వచ్చిన 'ది సిక్స్త్ సెన్స్'లో దర్శకుడు శ్యామలన్ ఎరుపు రంగును ఎక్కడపడితే అక్కడ వాడలేదు. తలుపు పిడి, బెలూన్, పిల్లాడి స్వెటర్ లాంటి కొన్నింటికే ఉంచాడు. ఎందుకో చివర్లో అర్థమవుతుంది. (ఆ మలుపేంటో ఇక్కడ రాయను. ఈ లేఖ మీ ఆఫీసులో ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు ఆ సినిమా చూశారో లేదో!) ఆ తలుపు పిడి మీద మీరు బాణం గుర్తు వేస్తే ఎలా ఉంటుందో, సబ్‌టైటిల్లో డాక్టరు పేరు వేయడం అచ్చం అలాగే ఉంది.

వినికిడి సమస్య ఉన్నవాళ్లకి ఎవరు మాట్లాడుతున్నారో చెప్పాలి, కాదనను. కానీ వినేవాళ్లకి ఇంకా తెలియని సంగతి చదివేవాళ్లకి ముందే ఎందుకు తెలియాలి? 'ఫోన్‌లో మగ గొంతు' అని వేస్తే సరిపోయేది.

ఇంకో సంగతి. ఈ సినిమా 2.39:1 కొలతలో, అంటే వెడల్పు ఎత్తుకి 2.39 రెట్లు ఉండేలా తీసింది. మీరు టీవీ తెర నిండాలని 16:9కి కత్తిరించారు. అంటే వెడల్పులో దాదాపు పాతిక శాతం పోయినట్టే. హత్య జరిగిన గదిలో ఎడమ చివర కిటికీ గడియ లోపలినుంచి వేసి ఉందట. హాల్లో చూసిన మా తమ్ముడు చెప్పాడు. మీ దగ్గర ఆ కిటికీయే లేదు! దాచాల్సిన పేరు చూపించి, చూపించాల్సిన గడియ తీసేశారన్నమాట.

థంబ్‌నెయిల్ (యాప్‌లో సినిమాకి గుర్తుగా పెట్టే చిన్న బొమ్మ) గురించి ఎక్కువ చెప్పను. క్లైమాక్స్‌లో కత్తి పట్టుకున్న డాక్టరు ఫోటోనే పెట్టారు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని దాని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు. మీరు గుమ్మంలోనే కథ చెప్పి పంపిస్తున్నారు.

ఇదంతా చాట్‌లో రాస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని జవాబొచ్చింది. చేశాను. డాక్టరు ఇంకా అక్కడే ఉన్నాడు.

కాబట్టి ఈ సినిమా సబ్‌టైటిల్స్ సరిచేయించండి. థంబ్‌నెయిల్ మార్చండి. తీసిన కొలతలోనే చూసే వీలు కల్పించండి, పైనా కిందా నల్లపట్టీలు వచ్చినా మాకేం ఇబ్బంది లేదు. సబ్‌టైటిల్ రాసేవాళ్లకి సినిమా చివరిదాకా చూశాకే పని మొదలుపెట్టమని, మాట్లాడేవాడి పేరు సినిమాలో బయటపడేదాకా వేయొద్దని చెప్పండి. ఏం చేశారో ఈమెయిల్‌లో తెలియజేయండి. ఈసారి జవాబు మనిషి రాస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
మీ చందాదారుడు