జాన్సన్ కౌంటీలో ముందు నేలని పట్టుకో

ఒరే రాఘవా,

మీ వియ్యంకుడిగారి పూర్వీకులు అమెరికాలో అయోవా రాష్ట్రంలోని జాన్సన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లనీ, మనవరాలి కోసం వాళ్ల వంశవృక్షం నువ్వే తయారుచేస్తాననీ రాశావు. చెయ్యి. కానీ ఇంటిపేరు కొట్టి వెతకడంతో మొదలుపెట్టకు. పేరు జారిపోతుంది, నేల జారదు. అక్కడ చెక్ కుటుంబాలు బాగా ఉండేవి. వాళ్ల వాత్స్లావ్ ఒక కాగితంలో జేమ్స్, ఇంకోదాంట్లో వెస్లీ. జర్మన్ మ్యుల్లర్ మిల్లరైపోతాడు. న్యూయార్క్ దగ్గరి వలసదారుల తనిఖీ కేంద్రం ఎల్లిస్ ఐలండ్‌లో గుమాస్తా పేరు మార్చేశాడని ఎవరన్నా అంటే నమ్మకు. ఆ కేంద్రం తెరిచిందే 1892లో, ఈ కౌంటీ పుట్టింది 1837లో!

మన సర్వే నంబరు లాంటిదే అక్కడా ఉంది, ఇంకా సులువు. ఆరు మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, సెక్షన్ అంటే 640 ఎకరాలు. ఒకటో నంబరు ఈశాన్య మూల. అక్కడినుంచి పడమరకి 6 దాకా వెళ్లి, దాని కింద 7తో మళ్లీ తూర్పుకి, ఎద్దులు సాలు దున్ని మళ్లినట్టు తిరుగుతూ ఆగ్నేయంలో 36తో ఆగుతుంది. దస్తావేజులో ‘ఈశాన్యపు పావులో నైరుతి పావు, సెక్షన్ 14, టౌన్‌షిప్ 79 ఉత్తరం, రేంజ్ 6 పడమర’ అని ఉంటే చివరినుంచి వెనక్కి చదువు. టౌన్‌షిప్ నంబరు ఆ చదరం ఉత్తరానికి ఎన్నో వరసో, రేంజ్ నంబరు పడమరకి ఎన్నో వరసో చెప్తుంది. పావులో పావు కాబట్టి 40 ఎకరాలు. వాస్తు పుణ్యమా అని మనకి మూలలు తడుముకోకుండా వస్తాయి! ఒక్క చిక్కు. యూనియన్, షారన్ అని పేర్లున్నవి పాలన కోసం పెట్టిన టౌన్‌షిప్పులు. సర్వే చదరాలతో వాటి హద్దులు అన్నిచోట్లా కలవవు.

ఫెడరల్ భూమి శాఖ సైట్‌లో, సర్కారు మొదటిసారి భూమి ఇచ్చినప్పటి పట్టాల ఫొటోలు ఉచితం. పేరు గడి ఖాళీగా వదిలి, రాష్ట్రం, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ ఇచ్చి చూడు. చుట్టుపక్కల పట్టాదారుల పేర్లూ రాసుకో. వాళ్లలో పిల్లనిచ్చినవాళ్లు, ఒకే ఊరినుంచి వచ్చినవాళ్లు తేలతారు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే: సైనికుడి వారంటు (సైన్యంలో చేసినందుకు సర్కారు ఇచ్చిన భూమి హక్కు పత్రం) మీద ఇచ్చిన పట్టాలో రెండు పేర్లుంటాయి. మొదటివాడు ఎక్కడో యుద్ధం చేసి వారంటు అమ్ముకున్నవాడు, అయోవా మొహం కూడా చూసి ఉండకపోవచ్చు. భూమి దక్కించుకున్నది రెండోవాడు. ముందు పేరు చూసి తాతని చేసుకోకు.

పట్టా తేదీ వలస వచ్చిన తేదీ కాదు. సర్కారు అమ్మకం కంటే ముందే జనం ఆక్రమించి దున్నుకునేవాళ్లు. వేలంలో బయటివాళ్లు తన్నుకుపోకుండా 1839లో సంఘం కట్టి, ఎవరి హక్కు ఏదో వాళ్లే పుస్తకంలో రాసుకున్నారు. ఆ తర్వాత డూబ్యూక్ ల్యాండ్ ఆఫీసులో ఎకరం డాలరుంపావుకి కొనుక్కున్నారు. కౌంటీ చరిత్రలు మాత్రం ‘మొదటి నివాసి’తోనే మొదలవుతాయి. అప్పటికే అక్కడ అయోవా నది ఒడ్డున పౌవెషీక్ నాయకత్వంలో మెస్క్వాకీలనే ఆదివాసీల పల్లె ఉంది. ఆ చరిత్రల చివర కుటుంబాల పరిచయాలుంటాయి. తరచూ చందా కట్టినవాళ్లు తమ గురించి తామే చెప్పుకున్నవి, సగమే నమ్ము.

జనాభా లెక్కల్లో ఇంట్లో అందరి పేర్లూ 1850 నుంచే, చుట్టరికం 1880 నుంచి. 1890వి 1921 అగ్నిప్రమాదంలో పాడై పోయాయి. ఆ ఖాళీకి కంగారుపడకు. అయోవా సొంతంగా 1885లో, 1895లో లెక్క తీసింది. 1885 దాంట్లో సెక్షన్ నంబరు కూడా ఉంటుంది. 1925ది బంగారం: ప్రతి మనిషికీ అమ్మానాన్నల పేర్లు, అమ్మ పుట్టింటిపేరుతో సహా.

జనన మరణాల నమోదు 1880 జులైలో మొదలైంది, మొదట్లో సగం ఎగ్గొట్టారు. పెళ్లిళ్లవి మాత్రం అంతకు చాలా ముందునుంచీ ఉన్నాయి.

పట్టా దొరికాక కౌంటీ రికార్డర్ (దస్తావేజులు నమోదుచేసే అధికారి) దగ్గర అమ్మినవాళ్ల సూచీ చూడు. అమ్మకంలో భార్య సంతకం ఉంటుంది, ఆమె పేరు అలా దొరుకుతుంది. ఎంత వెతికినా అమ్మిన దస్తావేజు లేదంటే ఆయన ఆ నేలమీదే పోయి ఉండొచ్చు. కోర్టులో వారసత్వపు ఫైలు అడుగు, పెళ్లయిన కూతుళ్ల ఊళ్లతో సహా ఉంటుంది. అక్కడా లేకపోతే పన్ను బాకీ వేలాల పుస్తకం తిరగెయ్యి.

వియ్యంకుడిగారింట్లో పాత పన్ను రసీదో, ఎవరిదైనా సమాధిరాయి ఫొటోనో ఉందేమో ఈ ఆదివారం ఫోన్లో అడుగు. సెక్షన్ నంబరు కనబడితే ముందు నాకు పంపు, చుట్టూ ఉన్న ఎనిమిది సెక్షన్లూ నేను చూసిపెడతాను.

నీ
శాస్త్రి