గుల్జార్ హౌజ్‌ను రోజూ చూసుకునే మనిషిని పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

చార్మినార్ చుట్టుపక్కల సుందరీకరణ గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తుంటాయి. వాటిలో గుల్జార్ హౌజ్, అంటే చార్మినార్‌కు ఉత్తరాన చౌరస్తా నడుమ ఉన్న పాత నీటి తొట్టి పేరు కనిపిస్తే నా కళ్లు అక్కడే ఆగుతాయి. నేను శాలిబండలో పుట్టి పెరిగినవాణ్ణి. మోటార్లు, పంపుసెట్లు బాగుచేసే పనిలోనే నా జీవితం గడిచింది. ఆ చౌరస్తా నడుమ ఫౌంటెన్ నీళ్లు చిమ్మడం చూశాను, అదే తొట్టి ఎండిపోయి చెత్తతో నిండటమూ చూశాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ హౌజ్‌కు మళ్లీ కొత్త హంగులు అక్కర్లేదు. దాన్ని రోజూ చూసుకునే ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతమిచ్చే ఒక కార్యాలయం కావాలి.

చార్మినార్ కట్టింది 1591లో. దానికి ఉత్తరాన ఉన్న చార్ కమాన్, అంటే నాలుగు పెద్ద తోరణద్వారాలు, ఆ మరుసటి ఏడాదివని చెబుతారు. మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుబడిలో, ఆయన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాదీ వేసిన నగర పథకంలో ఈ చౌరస్తా రాజభవనాల ముంగిలి. దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్. పడమటి కమాన్‌లోంచి పోతే రాజుగారి నివాసం. ఈ నాలుగింటికీ సరిగ్గా మధ్యలో నీళ్ల హౌజ్. అప్పట్లో దాన్ని చార్ సూ కా హౌజ్ అనేవారు. 1687లో గోల్కొండ మొఘలుల చేతికి చిక్కింది. తర్వాత ఆ భవనాలు ఒక్కొక్కటిగా నేలమట్టమయ్యాయి. ఇవాళ పడమటి కమాన్ దాటితే మిట్టీ కా షేర్ అనే బజారు దుకాణాలే తప్ప రాజభవనం ఆనవాళ్లు లేవు. ఆ ముంగిలి ఎక్కడుండేదో చెప్పడానికి మనకు మిగిలినవి నాలుగు కమాన్లు, ఈ హౌజ్.

మిగిలినవి అవే అని కాదు నా బాధ. ఆ చోటు ఇంకా బతికే ఉంది. ఒకవైపు బంగారం, వెండి కొట్లు, ఇంకోవైపు పత్తర్‌గట్టీ వరకూ ముత్యాల దుకాణాలు. పెళ్లి కుదిరిందంటే నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి కూడా కుటుంబాలు ఇక్కడికే వస్తాయి. బోనాలప్పుడు ఘటాల ఊరేగింపు హరిబౌలి నుంచి నయాపూల్‌కు పోయేది ఈ దారినే. వినాయక నిమజ్జనం నాడు పాతబస్తీ గణపతులన్నీ ఈ హౌజ్‌ను దాటుకునే మొజంజాహీ మార్కెట్ వైపు కదులుతాయి. మొహర్రం పదో నాడు బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద చార్మినార్ దగ్గర నుంచి ఇక్కడికొచ్చి మీరాలం మండీ వైపు తిరుగుతుంది. రంజాన్ రాత్రుల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు, తెల్లవారేదాకా మనిషిని మనిషి రాసుకుంటూ నడవాల్సిందే. ఇందరి ఊరేగింపులూ చుట్టి వెళ్లే నీటి తొట్టి ఈ నగరంలో ఇంకెక్కడైనా ఉందా? నాకు తెలిసి లేదు.

ఇక ఫౌంటెన్ ఎందుకు ఆగిపోతుందో నా పనిలో నేర్చుకున్నది చెబుతాను. కుతుబ్ షాహీల కాలంలో మోటారు లేదు. నీటిని ఎత్తుకు చేర్చి మట్టి గొట్టాల్లోంచి పల్లానికి వదిలేవాళ్లు, ఆ ఒత్తిడికే నీరు పైకి లేచేది. ఆ మట్టి గొట్టాలు గోల్కొండ కోట గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఇప్పుడు అంతా పంపు మీదే. తొట్టిలోని నీటినే పంపు లాగి మళ్లీ పైకి చిమ్ముతుంది. బజారు మధ్యలో ఉన్న తొట్టి కాబట్టి దుమ్ము, టీ కప్పులు, గుట్కా పొట్లాలు, ఊరేగింపుల పూలరెక్కలు అన్నీ అందులోనే పడతాయి. అవి పంపు ముందున్న జాలీకి అడ్డంపడతాయి. జాలీ మూసుకుపోతే పంపుకు నీళ్లందవు. నీళ్లు లేకుండా తిరిగిన పంపులో ముందు సీలు పోతుంది, తర్వాత మోటారు వైండింగ్, అంటే లోపలి తీగచుట్టు, కాలుతుంది. కాలినప్పుడు వచ్చే వార్నిష్ వాసన నాకు దూరం నుంచే తెలిసిపోతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు, మోటారు విప్పి షెడ్డుకు పంపాల్సిందే. బిల్లు ఎవరు కట్టాలో తేలేసరికి తొట్టిలో పాచి పడుతుంది, ఆ పాచిలో దోమలు పెరుగుతాయి. ఇంతకూ ఆ జాలీ తీసి కడగడానికి పట్టేది రోజూ పొద్దున ఓ పావుగంట.

ఇంకోటి కూడా ఉంది. బోరు నీళ్లు పోస్తే నాజిల్ రంధ్రాల్లో తెల్లగా ఉప్పు కడుతుంది. కొన్ని రంధ్రాలు మూసుకుంటే మిగిలినవాటిలోంచి నీరు వంకరగా లేచి గాలికి రోడ్డు మీద పడుతుంది. బైకుల మీద పోయేవాళ్లు గొడవపెడతారు, ఎవరో ఒకరు వచ్చి స్విచ్ ఆపేస్తారు. తర్వాత దాన్ని మళ్లీ వేసేవాళ్లుండరు. పెద్ద పెద్ద నిధులు పోసి రాళ్లు పరిచినా, రంగుదీపాలు పెట్టినా ఈ రెండు చిన్న పనులు చేసే మనిషి లేకపోతే ఏడాది తిరిగేసరికి మొదటికొస్తుంది.

ఆ మనిషి ఎందుకు లేడంటే, హౌజ్ ఎవరిదో తేలదు. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ కింద ఉంది. చార్ కమాన్ రాష్ట్ర వారసత్వ శాఖ రక్షిత కట్టడం. రోడ్డు నగరపాలక సంస్థది, నీళ్లు జలమండలివి, వాహనాల రాకపోకలు ట్రాఫిక్ పోలీసుల చేతిలో ఉంటాయి. ఎవరి పని వాళ్లు చేస్తున్నామనే అంటారు. మధ్యలో ఉన్న తొట్టి మాత్రం ఎవరి పనిలోకీ రాదు. ఒకసారి మోటారు సంగతి అడుగుదామని వెళితే ఒక కార్యాలయంవాళ్లు ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడివాళ్లు తిరిగి మొదటిచోటికే పంపారు. అక్కడ కూర్చున్న గుమాస్తాలను తప్పుపట్టను, వాళ్ల దగ్గర కాగితం మీద అలాంటి బాధ్యతే రాసిలేదు.

మన ప్రభుత్వానికి ఇలాంటివి చేతకావనీ అనను. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని తవ్వి, బాగుచేసి 2022 డిసెంబరు 5న తెరిచారు. పిల్లలను తీసుకుని వెళ్లి చూడదగ్గట్టు చేశారు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని బావులను బాగుచేసిన పనికి అదే ఏడాది యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అంత పెద్ద బావులను నిలబెట్టినవాళ్లకు ఒక తొట్టి, ఒక పంపు లెక్క కాదు. వాటికి ఒక ఆవరణ ఉంది, ఒక గేటు ఉంది. గుల్జార్ హౌజ్ నడిబజారులో ఉంది. తేడా అదే, కష్టమూ అక్కడే.

ట్రాఫిక్‌కు అడ్డంగా ఉందని, తీసేస్తే పోతుందని అనేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ మాట అనకండి. అది అక్కడున్నందుకు కాదు, దాని చుట్టూ అడ్డదిడ్డంగా బళ్లు నిలుపుతున్నందుకు దారి ఇరుకవుతోంది. 2025 మే 18 ఉదయం ఈ హౌజ్ పక్కనే ఒక ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పసిపిల్లలు. తెలుగునాట ఎంతోమంది గుల్జార్ హౌజ్ పేరు మొదటిసారి విన్నది ఆ రోజే. ఆ ఇంటి మెట్లదారి ఎంత ఇరుకో అప్పుడు అందరూ మాట్లాడారు. ఇలాంటి పాత ఇళ్లు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. వాటిలో కింద కొట్లు, పైన కాపురాలు. హౌజ్ చుట్టూ ఫైరింజను తిరిగేంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. తొట్టిలో నీళ్లుండాలి. పక్కనే ఫైరింజనుకు నీళ్లు పట్టే హైడ్రంట్ ఒకటి పెట్టి అది పనిచేస్తోందో లేదో నెలనెలా చూడాలి. నా దృష్టిలో ఫౌంటెన్ అందం కన్నా ఇది ముందు.

అలాగని తోపుడుబండ్లవాళ్లను తరిమెయ్యమని అడగడం లేదు. వాళ్ల తాతల నుంచీ బేరం అక్కడే. వాళ్లకు నిలబడే చోటు గీసి చూపిస్తే, తొట్టిలో చెత్త పడకుండా కాపలా కాసేదీ వాళ్లే. పళ్లబండి పెట్టుకునే ఒక చాచా తొట్టిలో తేలుతున్న కవర్లను కట్టెపుల్లతో లాగి ఒడ్డున కుప్పవేయడం నేను కళ్లారా చూశాను. ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. ఆ కుప్పను ఎత్తుకుపోయే మనిషి మాత్రం రాలేదు.

ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో పూర్తయితే చార్మినార్ చూడటానికి వచ్చే జనం ఇంకా పెరుగుతారు. వాళ్లు నడిచేది ఈ దారుల్లోనే. అది వచ్చేలోపే హౌజ్‌ను ఏదో ఒక శాఖకు రాతపూర్వకంగా అప్పగించాలి. ఏ శాఖైనా నాకు అభ్యంతరం లేదు. పొద్దున జాలీ కడిగి, పంపు వేసి, రాత్రి ఆపే మనిషికి నెల జీతం ఆ శాఖ బడ్జెట్‌లో ప్రతి ఏటా ఉండాలి. పాడైన వెంటనే మార్చడానికి రెండో మోటారు ఒకటి సిద్ధంగా ఉండాలి. ఎవరికి చెప్పాలో తెలిసేలా హౌజ్ దగ్గరే తెలుగు, ఉర్దూల్లో ఒక బోర్డు మీద ఫోన్ నంబరు రాయాలి.

పని నేర్పే మనిషి కావాలంటే, నాతో పాటు మోటారు పనిలో చెయ్యి తిరిగినవాళ్లు శాలిబండలో, మొగల్‌పురాలో ఇంకా ఉన్నాం. పైసా అడగకుండా వచ్చి నేర్పిస్తాం.

ఇట్లు
మీ పాఠకుడు,
శాలిబండ, హైదరాబాద్